పొద్దు గోదారిది, ముఖం మనది

యానాం ఒడ్డున సూర్యాస్తమయంలో కుటుంబం ఫోటో: ఆకాశమూ నిలవాలి, అమ్మమ్మ ముఖమూ కనబడాలి

సాయంత్రం ఐదు దాటేసరికి యానాం రాజీవ్ బీచ్‌లో ఫోన్లన్నీ పడమటి వైపు తిరుగుతాయి. ఎదురుగా గౌతమీ గోదావరి, అవతల ఎదుర్లంక కొబ్బరిచెట్ల వరస, పక్కన బాలయోగి వారధి. కాకినాడ నుంచి, అమలాపురం నుంచి వచ్చినవాళ్లు, పండక్కి హైదరాబాదు నుంచి దిగిన కూతుళ్లు, అల్లుళ్లు, మనవలు నదికి వీపు పెట్టి వరసగా నిలబడతారు. "మావయ్యగారూ, మీరు మధ్యలోకి రండి." "అమ్మమ్మా, గెడ్డం కాస్త పైకెత్తు." "ఒరేయ్ చిన్నోడా, ఇటు చూడరా." అందరూ నవ్వుతారు. ఫోటో చూసుకుంటే ఆకాశం కుంకం రంగులో బ్రహ్మాండంగా ఉంటుంది. మనుషులు ఉండాల్సిన చోట నల్లటి ఆకారాలు ఉంటాయి. ఎవరెవరో ఎత్తుని బట్టి పోల్చుకోవాలి.

మళ్లీ తీస్తారు. ఈసారి తెర మీద ముఖం దగ్గర వేలు పెడతారు. ముఖాలు వస్తాయి, ఆకాశం తెల్లకాగితమైపోతుంది. సూర్యుడూ ఉండడు, కొబ్బరిచెట్లూ ఉండవు. ఆ ఫోటో యానాంలో తీశారో, ఇంటి డాబా మీద తీశారో చెప్పలేం.

ఈ రెండింటికీ నడుమ ఇంకో ఫోటో ఉంది. దానికి ఖరీదైన కెమెరా అక్కర్లేదు. వెలుగు లెక్క తెలిస్తే చాలు, కాస్త ఓపిక ఉంటే చాలు. నా పక్షపాతం ముందే చెబుతాను. కుటుంబం ఫోటోలో ఆకాశానికీ ముఖానికీ పోటీ వస్తే ముఖమే గెలవాలి. పొద్దు రేపూ గుంకుతుంది. ఎనభై దాటిన అమ్మమ్మ వచ్చే సంక్రాంతికి మెట్లు దిగి ఒడ్డుకి రాగలదో లేదో. అయితే చాలాసార్లు ఆ పోటీ అసలు అవసరమే లేదు. అది వెలుగు పెట్టిన పోటీ కాదు, మన ముఖం రంగు గురించి మనం పెట్టుకున్న పోటీ. ఆ సంగతికి కాసేపట్లో వస్తాను.

కంటికున్న సౌకర్యం

ఒడ్డున నిలబడి చూసేవాళ్లకు ఆకాశమూ కనబడుతుంది, అమ్మమ్మ ముఖమూ కనబడుతుంది. కన్ను ఒకచోట నిలవదు కాబట్టి అలా కుదురుతుంది. ఆకాశం మీదికి వెళ్లినప్పుడు ఒకలా, ముఖం మీదికి వచ్చినప్పుడు ఇంకోలా సర్దుకుంటుంది, ఆ రెండింటినీ మెదడు ఒకే దృశ్యంగా కలుపుతుంది. కెమెరాకి ఆ వెసులుబాటు లేదు. ఒక క్లిక్‌కి ఒక్కటే కొలత.

ఫోటోగ్రాఫర్లు వెలుగును స్టాపుల్లో లెక్కపెడతారు. ఒక స్టాప్ పెరిగితే వెలుగు రెట్టింపు, ఒకటి తగ్గితే సగం. సూర్యుడు వీపు వెనక ఉన్నప్పుడు నీడలో పడిన ముఖానికీ, వెనక మెరిసే ఆకాశానికీ మూడు నాలుగు స్టాపుల తేడా మామూలే. అంటే ఆకాశం ముఖం కన్నా ఎనిమిది నుంచి పదహారు రెట్లు ప్రకాశంగా ఉందన్నమాట. సూర్యబింబమే చట్రంలోకి వస్తే ఇక ఆ లెక్కకి హద్దు లేదు. కెమెరాలోని మీటరు ఎదురుగా ఉన్న దృశ్యమంతా సగటున ఒక మధ్యస్థ బూడిద రంగు అనుకుంటుంది. పడిన వెలుగులో పద్దెనిమిది శాతం తిప్పి పంపే బూడిద రంగు అది. చట్రంలో ముప్పాతిక వంతు ఆకాశం ఉంటే ఆకాశాన్నే ఆ బూడిద దగ్గరికి దించుతుంది. ముఖాలు పాతాళంలో పడతాయి.

మన పాత స్టూడియోల్లో ఈ చిక్కే లేదు. సరస్సు, మేడ, తోట, కొన్నిచోట్ల అస్తమిస్తున్న సూర్యుడు కూడా తెర మీద రంగుల్లో వేసి ఉండేవి. పెద్దవాళ్లు కుర్చీల్లో, పిల్లలు కింద, నిలబడ్డవాళ్లు వెనక. తెర మీద సూర్యుడు ఎంత ఎర్రగా ఉన్నా, అతని మీదా అమ్మమ్మ మీదా పడేది ఒకే స్టూడియో దీపం. అందుకే ఆ ఫోటోల్లో ప్రతి ముఖమూ చెక్కుచెదరకుండా దొరుకుతుంది. ఆరుబయట నిజమైన సూర్యుణ్ణి వెనక పెట్టుకున్నామంటే, ఆ తెరకు వెనక నుంచి దీపం వెలిగించినట్టే.

ఫ్రెంచివాళ్లు మొదట పడ్డ పాట్లు

యానాం పుట్టుకతో ఫ్రెంచి ఊరు కాదు గాని, 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉంది. ఫోటోగ్రఫీకి కూడా ఫ్రాన్సు పుట్టిళ్లలో ఒకటి. 1839 ఆగస్టు 19న పారిస్‌లో ఫ్రాన్స్వా అరాగో అనే శాస్త్రవేత్త, డాగెర్ కనిపెట్టిన ఫోటో పద్ధతిని లోకానికి బహిరంగంగా వివరించాడు. ఏటా ఆగస్టు 19న మనం ప్రపంచ ఫోటోగ్రఫీ దినం జరుపుకునేది అందుకే. అదే ఏడాది, మూడు నెలలు తిరిగీ తిరగ్గానే, నవంబరు 25న యానాం పొరుగున ఉన్న కోరంగిని పెను తుపాను ముంచేసింది. ఓడలు కట్టే ఆ రేవు మళ్లీ కోలుకోలేదు. ఆ రేవులో బతికిన నావికులవి, వడ్రంగులవి, వాళ్ల ఆడవాళ్లవి, పిల్లలవి ముఖాలు మనకు ఒక్కటీ మిగల్లేదు. ఫోటో అనే వసతి పుట్టింది గాని ఈ తీరానికి ఇంకా రాలేదు. కుటుంబం ఫోటోలో ముఖం గెలవాలని నేను పట్టుబట్టడానికి ఇదీ ఒక కారణం.

తొలినాళ్ల ఫోటోగ్రాఫర్లకు ఆకాశమే శత్రువు. అప్పట్లో వాడిన, కొలోడియన్ అనే పూత పూసిన పలకలకు నీలం రంగు మీద మోజెక్కువ. నేలకీ నీటికీ సరిపడా వెలుగు ఇస్తే ఆకాశం వట్టి తెల్లగా వచ్చేది. గుస్తావ్ ల గ్రే అనే ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ 1850లలో దీనికి ఉపాయం పట్టాడు. సముద్రానికి ఒక నెగటివ్, ఆకాశానికి వేరే నెగటివ్ తీసి, రెండింటినీ ఒకే కాగితం మీద ముద్రించాడు. 1857లో సెట్ రేవు దగ్గర అతను తీసిన పెద్ద అల ఫోటో అలా తయారైనదే. అతుకు దిగంతరేఖ దగ్గర పడింది.

ఇవాళ మన జేబులో ఉన్న ఫోన్ చేస్తున్నది ఇంచుమించు ఆ పనే. 2010లో ఐఫోన్‌లోకి హెచ్‌డీఆర్ అనే ఈ కలిపే పద్ధతి వచ్చింది. 2013లో గూగుల్ తన నెక్సస్ 5 ఫోన్‌లో ఒకదాని వెంట ఒకటి చకచకా చాలా ఫ్రేములు తీసి కలిపే పద్ధతి తెచ్చింది. ఇప్పుడు సాధారణ ఫోన్లలో కూడా అది ఉంది. నొక్కిన క్షణంలో చాలా ఫోటోలు పడతాయి, లోపలి చిప్పు ఆకాశాన్నీ ముఖాన్నీ విడివిడిగా సర్ది కలుపుతుంది. పనికొచ్చే సాధనమే. కాకపోతే, ఒడ్డున పరిగెత్తే పిల్లాడికి రెండు చేతులకు బదులు మూడు రావచ్చు. నాలుగు స్టాపుల తేడాని చిప్పు బలవంతంగా కలిపితే ముఖాలకి బూడిద పూసినట్టు ఒక నిర్జీవమైన చాయ వస్తుంది. తేడాని మనమే రెండు స్టాపులకు దించి ఇస్తే, మిగతాది ఫోన్ హాయిగా చూసుకుంటుంది. దించడమంతా వేళలో, నిలబెట్టడంలో ఉంది.

పొద్దు వేగం

యానాం రేఖాంశం 82 డిగ్రీల చిల్లర. భారత కాలమానానికి ఆధారమైన రేఖ ఎనభై రెండున్నర దగ్గర పోతుంది. అంటే ఇక్కడ గడియారం సమయమూ సూర్యుడి సమయమూ దాదాపు ఒక్కటే. హైదరాబాదులో సూర్యుడు సుమారు పావుగంట ఆలస్యంగా అస్తమిస్తాడు. పండక్కి అక్కణ్నుంచి వచ్చినవాళ్లు అక్కడి అలవాటు మీద బయల్దేరితే ఒడ్డుకి చేరేసరికి బంగారు వెలుగు అయిపోతుంది. భోజనాలు, టీలు, చీరలు మార్చుకోవడం ముగించి కార్లెక్కేవాళ్లకి ఈ పావుగంట ప్రాణమంతటిది. సంక్రాంతి నాడు యానాంలో అస్తమయం సుమారు 5.47కి. నవంబరు చివర్లో 5.25కే అయిపోతుంది. జూన్ మూడో వారంలో 6.37 దాకా ఉంటుంది. ఎదుర్లంక తోటలు ఎత్తుగా ఉండటం వల్ల పంచాంగం చెప్పిన వేళకి రెండు మూడు నిమిషాల ముందే బింబం చెట్ల వెనక్కి జారుకుంటుంది.

సూర్యుడు దిగే చోటు కూడా మారుతుంది. డిసెంబరులో పడమటి నుంచి దాదాపు పాతిక డిగ్రీలు దక్షిణానికి, అంటే నది దిగువ వైపుకి జరుగుతాడు. జూన్‌లో అంతే దూరం ఉత్తరానికి, ఎగువ వైపుకి పోతాడు. కిందటి సంక్రాంతికి కుదిరిన చోటే వేసవి సెలవుల్లో నిలబడితే సూర్యుడు చట్రంలోనే ఉండకపోవచ్చు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఐరోపా, అమెరికా రచయితల ఫోటో పుస్తకాలు అస్తమయానికి ముందుండే బంగారు వెలుగు గంటసేపు ఉంటుందన్నట్టు రాస్తాయి. వాళ్ల అక్షాంశాల్లో అది నిజానికి దగ్గరే. జూన్‌లో పారిస్‌లో సూర్యుడు ఆరు డిగ్రీల ఎత్తు నుంచి పూర్తిగా దిగిపోవడానికి యాభై నిమిషాల పైన పడుతుంది. భూమధ్యరేఖకి చేరువగా ఉన్న మనకు సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగుతాడు. యానాంలో అదే ప్రయాణం అరగంటలో ముగుస్తుంది. బింబం అంచు దిగంతాన్ని తాకిన దగ్గర్నుంచి పూర్తిగా మునగడానికి రెండు నిమిషాలపైన కాస్త. ఆ తర్వాత సంధ్య వెలుగు మరో ఇరవై రెండు, ఇరవై నాలుగు నిమిషాలు. మొత్తం ఆట గంట లోపే. పదిమందిని వరసలో పెట్టడానికే పావుగంట పోయే కుటుంబాలకి ఇది తెలియడం ఏ లెన్సు కన్నా విలువైనది. ఒడ్డుకి అస్తమయానికి నలభై నిమిషాల ముందు చేరాలి. ఏసీ కారులోంచి దిగగానే కెమెరా, ఫోన్ బయట పెట్టేయాలి. చల్లబడిన అద్దం మీద ఈ తీరపు తేమ గాలి వెంటనే మంచులా పడుతుంది, తుడిచినకొద్దీ మళ్లీ పడుతుంది. కాసేపు వదిలేస్తే దానంతటదే పోతుంది.

బింబం మునిగిన ఎనిమిది పది నిమిషాలకి చాలామంది ఫోన్లు జేబులో పెట్టుకుని బజ్జీల బండి వైపు నడుస్తారు. నా లెక్కలో అసలు వేళ అప్పుడే మొదలవుతుంది. సూర్యుడు పోయాడు కాబట్టి ఆకాశంలో కళ్లు చెదిరే చోటు లేదు. పైనున్న ఆకాశమంతా కలిసి ఒకే పెద్ద దీపంలా ముఖాల మీద మెత్తటి వెలుగు పోస్తుంది. పడమర ఇంకా ఎర్రగానే ఉంటుంది. ముఖానికీ ఆకాశానికీ నాలుగున్న తేడా రెండు స్టాపులకీ, ఒక్కోసారి ఒకటిన్నరకీ దిగుతుంది. ఏ దీపమూ, ఏ సాధనమూ లేకుండా సమతూకం దొరికే ఆ పది నిమిషాల్లో అందరూ ఒడ్డున ఉండాలి.

వర్షం వెలిసిన సాయంత్రాలు ఇంకా మంచివి. గాలిలో దుమ్ము కడుక్కుపోయి, విడిపోయిన మబ్బుల అడుగు భాగం అస్తమయం తర్వాత వెలుగుతుంది. జులై, ఆగస్టుల్లో గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు నది రంగే వేరు. పులస చేప కోసం వచ్చినవాళ్లు ఆ నీటిని వెనక పెట్టుకుని ఫోటో తీసుకుంటే మంచి ఫలితం వస్తుంది, ఎందుకంటే నీలి నది కన్నా ఎర్రటి నది మన ఒంటి చాయతో బాగా కలుస్తుంది. పోటు, పాటు కూడా చూసుకోవాలి. పాటు వేళ అంచున బయటపడే తడి బురద ఆకాశాన్ని అద్దంలా పట్టి కింద నుంచి ముఖాలకి వెలుగు పంపుతుంది. పిల్లల్ని మాత్రం ఆ బురదలోకి దిగనివ్వకండి.

ఎటు తిప్పి నిలబెట్టాలి

సూర్యుణ్ణి సరిగ్గా వీపు వెనక పెట్టడం అన్నిటికన్నా కష్టమైన పద్ధతి. అందరూ చేసేదీ అదే. వరసని కాస్త పక్కకి తిప్పి, సూర్యుడు ఒక భుజం వైపు వచ్చేలా నిలబెడితే చెంప మీద, జడ మీద, పట్టుచీర జరీ మీద బంగారు గీత పడుతుంది. ముఖం రెండో సగం నీడలో ఉన్నా కళ్లు కనబడతాయి. లేదా పూర్తిగా వెనక్కి తిప్పి, సూర్యుడి వైపు ముఖం పెట్టించి, ఫోటో తీసేవాళ్లు నదికి వీపు పెట్టాలి. అస్తమయం కనబడదు. కాని దాని రంగంతా ముఖాల మీదే ఉంటుంది. పెద్దవాళ్ల కళ్లకి ఇబ్బంది లేకుండా బింబం చెట్ల దగ్గరికి దిగాకే ఇది తీయాలి.

నదే వెనక ఉండాలని పట్టుబడితే ముఖాల మీదికి వెలుగు తేవాలి. పెళ్లి ఫోటోగ్రాఫర్లు వాడే తెల్ల థర్మోకోల్ అట్ట చవకైన సరుకు. వెనక నుంచి వచ్చే సూర్యకాంతిని ముందు నుంచి ముఖాల మీదికి తిప్పికొడుతుంది. అట్ట లేకపోతే ఇద్దరు పట్టుకున్న తెల్ల పంచె చాలు. మన సినిమావాళ్లు ఆరుబయట వెండి కాగితం అతికించిన పలకలతో దశాబ్దాల పాటు చేసింది ఇదే. గోదావరి నేపథ్యంలో బాపు తీసిన 'ముత్యాలముగ్గు'కి ఇషాన్ ఆర్య ఛాయాగ్రహణం చేసి జాతీయ అవార్డు అందుకున్నారు. ఆ సినిమాలో ఆరుబయట తీసిన ముఖాలు ఒకసారి మళ్లీ చూడండి. ఆకాశం ఎక్కడా ముఖాన్ని మింగదు.

ఫ్లాష్ ఉన్నవాళ్లకి ఒక కీలకం చెబుతాను, ఇది పట్టుబడితే సగం పని అయినట్టే. ఫ్లాష్ మెరుపు షట్టరు తెరుచుకుని ఉండే సమయం కన్నా ఎంతో చిన్నది. అందుచేత షట్టరు వేగం మార్చితే ఆకాశం మాత్రమే మారుతుంది, ఫ్లాష్ బలం మార్చితే ముఖాలు మాత్రమే మారతాయి. ముందు ఫ్లాష్ ఆపేసి, ఆకాశం నచ్చినట్టు వచ్చేదాకా షట్టరు సర్దాలి. చాలా కెమెరాలకు సెకనులో రెండు వందలో వంతు, రెండు వందల యాభైయో వంతు దాటి పోకూడదు, దాటితే చట్రంలో నల్లటి పట్టీ పడుతుంది. ఆకాశం కుదిరాక ఫ్లాష్ వేసి, దాన్ని తగ్గించుకుంటూ రావాలి. ముఖం మీద ఫ్లాష్ పడిందని చూసేవాళ్లకి తెలియకూడదు. ఫ్లాష్ వెలుగు పగటి వెలుగులా తెల్లన, సంధ్య పచ్చన. అందుకని లేత నారింజ జెలటిన్ ముక్క ఒకటి ఫ్లాష్ మీద అతికిస్తే రెండూ కలిసిపోతాయి.

పెద్ద కుటుంబానికి దూరం లెక్క కూడా కావాలి. ఫ్లాష్ నుంచి ముందు వరస రెండు మీటర్లలో, వెనక వరస మూడు మీటర్లలో ఉంటే, వెనకవాళ్ల కన్నా ముందువాళ్ల మీద రెండుంపావు రెట్లు వెలుగు పడుతుంది. అదే ఫ్లాష్‌ని ఐదు మీటర్లకి జరిపితే తేడా ఒకటిన్నర రెట్ల లోపుకి దిగుతుంది. వెనక నిలబడేది తరచు ఇంటి కోడళ్లూ, పొడుగు కుర్రాళ్లూ. వాళ్లు చీకట్లో పడకుండా ఉండాలంటే ఫ్లాష్ వెనక్కి జరగాలి.

ఫోన్ మాత్రమే ఉన్నవాళ్లు దానికున్న చిన్న దీపాన్ని నమ్ముకోవద్దు, అది ఒక మీటరు దాటితే వట్టిది. మరో ఇద్దరి ఫోన్ల టార్చీలు వెలిగించి, తెల్ల రుమాలు కప్పి, ఇరువైపుల నుంచి చూపిస్తే చిన్న గుంపుకి సరిపోతుంది.

చామనచాయ లెక్క

ఇప్పుడు మొదట అన్న సంగతికి వస్తాను. నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇది.

1940 ప్రాంతాల్లో ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ అనే అమెరికన్లు వెలుగునీడల్ని అంచెలుగా విడగొట్టే ఒక పద్ధతి కట్టారు. అందులో తెల్లవాళ్ల చర్మం మధ్యస్థ బూడిద కన్నా ఒక అంచె పైన ఉండాలి. మధ్య అంచె నల్లటి చర్మానికి. ఆ పుస్తకాలు చదివి నేర్చుకున్నవాళ్లు, వాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లు, చివరికి ముఖం కనబడగానే తెల్లబరిచే ఫోన్ సాఫ్ట్‌వేర్‌లు, అందరూ పై అంచెనే ముఖానికి కొలతగా పెట్టుకున్నారు. దీనికి తోడు 1950ల నుంచి కొడాక్ సంస్థ ప్రింటింగ్ ల్యాబ్‌లకి రంగు సరిచూసుకోమని పంపిన నమూనా ఫోటోలు తెల్ల మహిళలవి. మొదటి మహిళ పేరు మీద వాటిని షిర్లీ కార్డులన్నారు. ఆమె చర్మం బాగా వస్తే ఫోటో బాగున్నట్టు. గోధుమ రంగుల్ని ఫిల్ము సరిగ్గా పట్టడం లేదని కంపెనీని కదిలించినవాళ్లలో చాక్లెట్ తయారీదారులూ, కలప సామాను తయారీదారులూ ఉన్నారని కెనడా పరిశోధకురాలు లోర్నా రాత్ రాశారు. మనుషుల ముఖాల కన్నా ముందు బల్లలకి, చాక్లెట్లకి న్యాయం జరిగింది. ఈ మధ్యనే మార్పు మొదలైంది. హార్వర్డ్ సామాజిక శాస్త్రవేత్త ఎలిస్ మాంక్ తయారుచేసిన పది చాయల చర్మపు కొలమానాన్ని గూగుల్ 2022లో అందరికీ అందుబాటులో పెట్టింది.

యానాం ఒడ్డుకి ఇది ఎలా వర్తిస్తుందో చూడండి. నది మీద ఎండలో బతికిన మనిషి చర్మం మధ్యస్థ బూడిద దగ్గరో, దానికి ఒక అంచె కిందో ఉంటుంది. అది దాని సహజమైన చోటు. దాన్ని ఉన్నచోట ఉంచి తీస్తే ఆకాశానికి ఒకటి రెండు స్టాపుల ఊపిరి దొరుకుతుంది. తెల్లగా కనబడాలని అదే ముఖాన్ని రెండు అంచెలు పైకి లాగితే, ఆకాశం కూడా రెండు అంచెలు పైకి పోయి కాలిపోతుంది. మన ఫోటోల్లో గోదావరి ఆకాశం తెల్లబడటానికి కెమెరా సగం కారణమైతే, ముఖం తెల్లబడాలన్న మన ఆశ మిగతా సగం.

చేయాల్సింది సులువే. ఫోన్ తెర మీద ముఖం దగ్గర వేలు పెట్టి కాసేపు నొక్కి పట్టుకోండి. ఫోకసూ కొలతా అక్కడ బిగుసుకుంటాయి. తర్వాత పక్కన వచ్చే చిన్న సూర్యుడి గుర్తుని కిందికి జరపండి. ముఖం తెల్లదనం తగ్గి అసలు చాయకి వచ్చిన చోట ఆపండి. ఆ క్షణాన ఆకాశంలోకి రంగు తిరిగి రావడం మీకే కనబడుతుంది. బ్యూటీ మోడ్ ముందే ఆపేయండి. కెమెరా వాడేవాళ్లకి ఇంకో మంచి ఉపాయం ఉంది. మనుషుల ఒంటి రంగులు వేరైనా అరచేతులు దాదాపు ఒకే చాయలో, మధ్యస్థానికి ఒక స్టాప్ పైన ఉంటాయి. ముఖాల మీద పడుతున్న వెలుగులోనే అరచేయి పెట్టి కొలత తీసుకుని, ఒక స్టాప్ పెంచితే ఏ ఒంటి రంగైనా దాని చోట అది పడుతుంది. పెద్దాయన నలుపూ, మనవరాలి పసుపు చాయా ఒకే చట్రంలో వేటికవిగా నిలుస్తాయి.

బట్టల విషయంలో ఒక్కటే సూచన. తెల్లచొక్కా నల్లటి ముఖం పక్కన రెండు స్టాపుల పైన తేడా పెడుతుంది. సంధ్య వెలుగులో అదే ముందు కళ్లలో పడుతుంది. ఉప్పాడ చీరల్లో ఉండే మామిడిపండు రంగు, వంకాయ రంగు, నెమలి కంఠం రంగు లాంటివి ఈ వెలుగుకి హాయిగా అమరుతాయి. తాతగారు తెల్లపంచె తప్ప కట్టరంటే ఆయన్ని మధ్యలో కూర్చోబెట్టండి. ఆ పంచే ఇరుపక్కల పిల్లల ముఖాలకి వెలుగు పంచుతుంది.

కార్తీకంలో

ఏడాదిలో ఒక సాయంత్రం ఎంచుకోమంటే కార్తీక పౌర్ణమి ముందురోజు ఎంచుకుంటాను. పౌర్ణమి నాడు చంద్రుడు అస్తమయం వేళకే తూర్పున కోరంగి వైపు లేస్తాడు, కాని అతను పైకొచ్చేసరికి నేల చీకటైపోతుంది. చతుర్దశి నాడు ముందే లేచి, పొద్దు గుంకే వేళకి మడచెట్ల మీద నిండుగా నిలబడతాడు. నేల మీద వెలుగు ఇంకా ఉంటుంది. చంద్రుడూ, ముఖాలూ ఒకే కొలతలో పడతాయి.

పౌర్ణమి నాడు ఆడవాళ్లు అరటిదొప్పల్లో దీపాలు వదిలేటప్పుడు లెక్క వేరు. దీపం ముఖాన్ని కింద నుంచి వెలిగిస్తుంది, నది నీలంగా మారుతుంది. అస్తమయం తర్వాత పదిహేను నుంచి ఇరవై ఐదు నిమిషాల దాకా దీపమూ ఆకాశమూ సమానంగా ఉంటాయి. అంతకు ముందు దీపం కనబడదు, తర్వాత ఆకాశం కనబడదు. ఐఎస్‌ఓ 1600, ఎఫ్/2, సెకనులో అరవయ్యో వంతు దగ్గర మొదలుపెట్టి చూడండి. దీపం పట్టుకున్నవాళ్లని దాన్ని గుండె దగ్గరికి తెచ్చుకోమనండి. రంగుని సరిచేయమని ఫోన్‌కి అప్పగిస్తే అది దీపపు పసుపుని తప్పుగా భావించి తుడిచేస్తుంది. వైట్ బ్యాలెన్సుని పగటి వెలుగు దగ్గర బిగించేయండి.

కాగితం మీదికి

తీసిన ఫోటో ఫోన్‌లోనే ఉంటే లేనట్టే అనుకుంటాను. 1996 నవంబరు 6న కోనసీమని ఈడ్చికొట్టిన తుపాను ఈ తీరం మర్చిపోలేదు. నీళ్లలో నానిన ఫోటో నుంచి మొదట ఊడిపోయేది బొమ్మ ఉన్న పొరే. ఇప్పుడు ప్రమాదం నీటి నుంచే కాదు, పగిలిన తెర నుంచీ, మర్చిపోయిన పాస్‌వర్డ్ నుంచీ ఉంది. అందుకే రెండు ప్రింట్లు వేయించి, రెండు ఊళ్లలో రెండిళ్లలో ఉంచాలి.

ల్యాబ్‌కి ఇచ్చే ముందు ఫోన్ వెలుతురు సగానికి తగ్గించి చూడండి. నది ఒడ్డున తెర పూర్తి వెలుగులో ఉంటుంది, అందులో ముఖాలు బాగా కనబడ్డాయని మోసపోతాం. కాగితానికి సొంత వెలుగు లేదు. సగం వెలుగులో కూడా కళ్లు స్పష్టంగా ఉంటేనే ప్రింటు బాగా వస్తుంది. లేకపోతే నీడల్ని మాత్రం కాస్త ఎత్తమని ల్యాబ్ కుర్రాణ్ణి అడగండి. ముఖాలు తెల్లబరచొద్దని కూడా చెప్పండి. చెప్పకపోతే మర్యాద అనుకుని తెల్లబరుస్తారు.

ప్రింటు వెనక మెత్తటి పెన్సిలుతో తేదీ, ఊరు, పేర్లు రాయండి. బాల్‌పెన్ను ఒత్తు ముందు వైపు గీతలై కనబడుతుంది. ఎడమ నుంచి కుడికి, వరసలవారీగా రాయాలి. "పెద్దమ్మ", "బుజ్జి తాతయ్య" అని రాస్తే సరిపోదు. ముప్పై ఏళ్ల తర్వాత ఆ ఫోటో తిప్పి చూసే పిల్లకి ఆవిడ ఎవరికి పెద్దమ్మో తెలియదు. ఇంటిపేరుతో సహా రాయండి, పుట్టింటి పేరు తెలిస్తే అదీ రాయండి.